తానుకీ తానుకీ మధ్య

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. మిల్లులో గుడ్డ చూసే మనిషి రోజుకు నాలుగుసార్లు వెనక గేటు దాటి వచ్చి, పదేసి నిమిషాలు నిలబడి, నన్నే చూస్తున్నాడని. ఇందులో నాలుగుసార్లు నిజం, పది నిమిషాలు నిజం, చూడటం కూడా నిజమే. నా వయసు అరవై ఎనిమిది. మిగతాది సరిదిద్దడానికి ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నానంటే, సరిదిద్దితే అతని కుర్చీ పోయేది.

ముందు మనిషి సంగతి చెబుతాను. మిల్లులో గుడ్డ తానులు చూస్తాడు కనక వీధిలో అందరూ అతన్ని తానులాయన అంటారు. యాభై ఏళ్ళు, సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్రదారం ముక్కలు ఉంటాయి. నన్ను పిన్నిగారూ అంటాడు. ఆ వరసన అతని భార్య అత్తయ్యగారూ అంటుంది. మూడిళ్ళ అవతల ఉంటారు. ఎవరింటికైనా వస్తే మాట్లాడడు, చూస్తాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగి, మూడో మెట్టు మిగతా వాటికన్నా వేలెడు తక్కువ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మెట్లు ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్నాను. కొలిచి చూశాను. వేలెడే.

మిల్లులో అతను మొదట ఆరేళ్ళు మూటలు కట్టే షెడ్డులో పనిచేశాడు. తరవాత చెకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ఇరవై రెండేళ్ళయింది. షెడ్డులో పనిచేసిన కాలం గురించి అడిగితే నడుము పట్టుకుంటాడు, అంతకుమించి చెప్పడు.

ఆ బల్ల ఎలా ఉంటుందో నేను వెళ్ళి చూశాను. కేరేజీ ఇవ్వడానికి వెళ్ళాను. కేరేజీ అతని భార్య ఇవ్వవలసింది, నేనే అడిగి తీసుకున్నాను, ఆ తరవాత కూడా అప్పుడప్పుడూ నేనే. కిటికీ లేని గది. ఏటవాలుగా పెద్ద గాజుబల్ల, దాని కింద ట్యూబులైట్లు. పైనున్న చుట్టలోంచి రంగెయ్యని తెల్లగుడ్డ ఆ గాజు మీదుగా కిందికి జారుతూ అతని మోకాళ్ళ దగ్గర ఇంకో చుట్టలోకి పోతుంది. పొడుగునా ఉండే పడుగు పోగు తెగినా, ముడి పడినా, నూనె మరక అంటినా కాలితో మిషను ఆపి, అంచుకు గుర్తుగా ఎర్రదారం కడతాడు. పావుగంట పక్కన నిలబడ్డాను. నాకు తెల్లగుడ్డ తప్ప ఏమీ కనపడలేదు. ఆ పావుగంటలో అతను తొమ్మిది దారాలు కట్టాడు.

నీకెలా కనపడుతున్నాయయ్యా అని అడిగితే, మిషను ఆపకుండానే చెప్పాడు.

"గుడ్డని చూడను పిన్నిగారూ. ఒక పది గజాలు నడిచాక గుడ్డ కనపడటం మానేస్తుంది. అప్పుడు తప్పొక్కటే మిగులుతుంది."

ఇది వింతగా అనిపించింది కానీ, ఇంటికి వచ్చి చాటలో పప్పు పోసుకుని రాళ్ళేరుతుంటే అర్థమయింది. కాసేపటికి పప్పు కనపడదు. రాయే లేచి వస్తుంది. అసలు చిక్కు ఇందులోనే ఉందని నాకప్పుడు తట్టలేదు.

అతని కళ్ళకు ఇంకో సంగతి ఉండేది. బల్ల మీదికి వచ్చిన మొదటి ఏడాది, సాయంత్రం ఇంటికి రాగానే గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడేవాడట. తాగి వచ్చాడనుకుని భార్య దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. కొత్త గుడ్డ వాసన వచ్చింది. రోజంతా గుడ్డ కిందికి జారుతుంటే చూసిన కంటికి, మిషను ఆగాక ఇల్లంతా మెల్లగా పైకి తేలుతున్నట్టు ఉంటుందని చెప్పాడు. ఆవిడ నమ్మింది. నమ్మి, ఓ నెలపాటు అతను వచ్చే వేళకు పొయ్యి మీద గిన్నెలు దింపేసి ఉంచింది, తేలుతాయేమోనని కాదు, తడబడి తగులుతాడేమోనని.

ఇప్పుడు తప్పు సంగతి. ఇది జరిగి అయిదు నెలలయింది.

ఆ రోజు కేరేజీ ఆవిడే పట్టుకెళ్ళింది. నాకు ఆ రోజు పళ్ళ నొప్పి. గదిలో మేనేజరు కూడా ఉన్నాడు. ఆవిడ కేరేజీ కింద పెట్టి, బల్ల మీద నడుస్తున్న గుడ్డను చూసి, మర్యాదకు ఒక మంచిమాట అందామనుకుంది.

"చారల గుడ్డ ఎప్పట్నుంచి నేస్తున్నారు? బాగుంది."

ఆ మిల్లులో చారల గుడ్డ నెయ్యరు.

మగ్గం మీద పడుగు ఎక్కించేటప్పుడు ఎవరో అంగుళానికొక చోట రెండేసి పోగులు కలిపి లాగేశారు. తాను మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, సన్నని గీతలు. నాలుగు తానులు. నాలుగూ అతని చేతిమీదుగా వెళ్ళాయి. ఒక్క ఎర్రదారం లేదు. ఒకచోట తప్పుంటే పట్టుకునేవాడు. అంతటా ఉండేసరికి, పది గజాలు నడిచాక అతని కన్ను అదే గుడ్డ అనుకుని వదిలేసింది. చాటనిండా రాళ్ళే ఉంటే నేనూ పొయ్యి మీద పెట్టేసేదాన్ని.

మేనేజరు అరవలేదు. కాగితం మీద రాసి బల్ల ఎదురుగా గోడకు అంటించాడు. తొంభై రోజుల్లో ఇంకొక్క తాను వెనక్కి వచ్చినా మూటల షెడ్డుకు మార్చబడును. కింద తేదీ. ఆ కాగితం కూడా పది రోజులయ్యాక అతనికి కనపడటం మానేసిందో లేదో నేను అడగలేదు.

ఆ వారంలోనే అతను గేటు బయటికి రావడం మొదలుపెట్టాడు. ఒక తాను అయిపోయి ఇంకో తాను ఎక్కించడానికి మిల్లులో పది నిమిషాలు పడుతుంది. రోజుకు నాలుగు తానులు. ఇదివరకు ఆ పది నిమిషాలూ కుర్చీలోనే కళ్ళు మూసుకునేవాడు. ఇప్పుడు వెనక గేటు తీసుకుని వచ్చి వీధి అంచున నిలబడి ఎదురుగా చూడసాగాడు. అక్కడ నిలబడితే ఎదురుగా రెండే ఇళ్ళు. ఒకటి మాది. రెండోది కుట్టుపని చేసే అమ్మాయిది. ఆ ఇంటి గోడంతా తీగ పాకి ఉండేది, కింద నుంచి పైదాకా, మధ్యలో కిటికీకి మాత్రం చోటు వదిలి. కిటికీ దగ్గర ఆ అమ్మాయి మిషను. అమ్మాయికి ముప్పై రెండేళ్ళు. ఒక్కతే ఉంటుంది.

ఇంక చెప్పేదేముంది. ఆ మాట మా మెట్ల మీద పుట్టిందని కొందరంటారు. అబద్ధం. కూరలబండి దగ్గర పుట్టింది. మా మెట్ల మీద పెరిగింది.

నేను విచారించని మనిషి లేడు. బండివాణ్ణి అడిగాను, గేటు దగ్గర కాపలా మనిషిని అడిగాను, నీళ్ళ డబ్బాలు మోసే అతన్ని అడిగాను. తానులాయన్ని మాత్రం అడగలేదు. సొంత మనిషిని అడిగితే ఒక్క మాటతో తేలిపోతుంది, ఆ తరవాత నలుగురు కూర్చుని ఆలోచించడానికి ఏమీ ఉండదు. అదొక్కటే కారణమని అనను కానీ, అదీ ఒక కారణమే.

అతని భార్య చెవిన పడింది. కేరేజీలో ఒక గిన్నె తగ్గించింది.

కుట్టుపనమ్మాయి కిటికీ మూసేసింది. పట్టపగలు బల్బు వేసుకుని కుట్టసాగింది. ఆ వెలుతురులో మా ఆయన నల్లచొక్కాకు నీలందారంతో గుండీలు కుట్టింది. మా ఆయన గమనించలేదు. నేను గమనించి పట్టుకెళ్తే, చొక్కా అందుకుని అంది:

"పెద్దమ్మగారూ, నా కిటికీ నేను తెరుచుకోవాలా అక్కర్లేదా, మీరే తేల్చండి. వీధి మీదేగా."

ఆ మాటకు నాకు కొంచెం తగిలింది. తేల్చాలనుకున్నాను. అడిగితే తీగ చూస్తున్నాను అంటాడు, ఆ తీగే లేకపోతే ఏమంటాడు, ఇదీ నా లెక్క. ఆ ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయనతో మాట్లాడి, పురుగూ పుట్రా వస్తున్నాయని చెప్పి, తీగ మొదలంటా కొట్టించాను. గోడకు సున్నం కూడా వేయించాను. ఒక్క రోజులో పని అయిపోయింది. కాగితం అంటించి అప్పటికి నలభై ఎనిమిది రోజులు.

మర్నాడు మొదటి తానుకు ముందు అతను గేటు తీసుకుని వచ్చాడు. తెల్లగోడ. దాని మధ్య మూసిన కిటికీ. బంధువుల ఇంటికి మూటాముల్లెతో వచ్చి తాళం చూసినవాడిలా నిలబడ్డాడు. రెండు నిమిషాలు ఆ గోడను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. గేటు వేసేటప్పుడు మెల్లగా వేశాడు. ఎందుకో నాకు ఆ మెల్లదనం నచ్చలేదు.

నాలుగు రోజుల తరవాత అతని భార్య ఉతకబోయే చొక్కా జేబులోంచి తీసిన ఒక చీటీ పట్టుకుని వచ్చింది. ఎర్రదారాలు అంటుకుని ఉన్నాయి దానికి.

"అత్తయ్యగారూ, ఇది చదవండి. నేను చదివాను. అయినా మీరూ చదవండి."

నేను చదివింది అయిదో తరగతి. చీటీకి అది చాలింది. కళ్ళ డాక్టరు చీటీ. తేదీ, మేనేజరు కాగితం అంటించిన మూడో రోజు. మందు లేదు, అద్దాల నంబరు లేదు. ప్రతి తానుకూ ముందు పది నిమిషాలు ఆకులు చూడవలెను, ఏ చెట్టయినా సరే, అని ఉంది. వీధి మొత్తానికి దగ్గరలో ఆకులున్నది ఆ గోడ మీదే.

ఇద్దరం ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆమె వయసులో చిన్నది, ఓపిక ఉంది. మొదట అతని కళ్ళలో దోషమేమైనా ఉందా అని అడిగాం. లేదు, మరీ బాగా పనిచేస్తున్నాయి, అదే ఇబ్బంది అంది. కన్ను చూసినదంతా లోపలికి చేరవెయ్యదట. అంత మోయలేదు. ఎదురుగా మామూలుగా ఏముంటుందో అంచనా కట్టుకుని, ఆ అంచనాకు తేడా వచ్చినదాన్నే గట్టిగా చెబుతుందట. మనిషి కన్ను తరతరాలుగా ఆకులూ రాళ్ళూ మబ్బులూ నీళ్ళూ చూస్తూ తయారయింది, వాటిలో ఎంత పెద్దవి ఎన్ని ఉంటాయి, ఎంత చిన్నవి ఎన్ని ఉంటాయి, ఏ గీత ఎటు పోతుంది అన్నదానికి ఒక వాటం ఉంది, కన్ను ఆ వాటానికి అమర్చుకుని ఉంది అని చెప్పింది. అలాంటి కన్ను ముందు రోజంతా ఒకే నేత పెడితే ఏమవుతుంది, కన్ను ఆ నేతకు కొత్తగా అమర్చుకుంటుంది. తానులో ఎక్కడో ఒక తప్పుంటే అది మేలే. తానంతా తప్పయితే ఆ తప్పుకే అమర్చుకుంటుంది. అందుకని తానుకీ తానుకీ మధ్య దాన్ని పాత కొలతకు తెచ్చుకోవాలి.

నాకు సగం అర్థమయింది. ఆ సంగతి నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది, ఆమె ఒక అట్ట తీసింది. దాని మీద కుడివైపుకు ఒరిగిన నల్లగీతలు. ఒక నిమిషం రెప్పవెయ్యకుండా చూడమంది. చూశాను. తరవాత గది తలుపు చూడమంది. తలుపు ఎడమవైపుకు ఒరిగి ఉంది. లేచి వెళ్ళి పట్టుకున్నాను, పడుతుందేమోనని. ఆమె నవ్వలేదు. ఇప్పుడు కిటికీలోంచి ఆ చెట్టు చూడండి అంది. చూస్తుండగా తలుపు నిటారయింది.

"మిల్లువాళ్ళతో మాత్రం అనకండి. గుడ్డ చూసేవాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడంటే, ఎందుకెళ్ళాడో ఎవరూ వినరు. నన్ను ఆయన కోరింది అదొక్కటే," అంది డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారి నడిచాం. తరవాత ఆవిడే అంది.

"తీగ మీరే కొట్టించారు కదా అత్తయ్యగారూ."

అవునన్నాను.

"చారలని నేనే అన్నాను కదా."

అదీ అవునన్నాను. ఇద్దరం సమానమయ్యాక మిగతా దారి కొంచెం తేలికగా నడిచాం. ఆ సాయంత్రం నుంచి కేరేజీలో గిన్నె తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందో అతను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. తన దగ్గర దాచిన మనిషిని, దాచిన సంగతి తెలిసిపోయిందని చెప్పి భయపెట్టడం ఎందుకంది. తొంభై రోజులు గడిస్తే అప్పుడే చెబుతానంది.

చిక్కు ఏమిటంటే, మేము నోరు మూసుకోవాలి, ఆకులేమో పోయాయి. తీగ మళ్ళీ రావడానికి రెండేళ్ళు పడుతుందని ఇంటాయన సంతోషంగా చెప్పాడు.

అప్పటికే రెండో మాట మొదలయింది. తీగ పోయిన మూడో రోజు నుంచీ అతను గేటు బయటికి వచ్చి, తెల్లగోడను వదిలేసి, మా ఇంటివైపు తిరిగి నిలబడుతున్నాడు. నేను పొద్దున్న పని అయ్యాక మెట్ల మీద కూర్చుంటాను. సాయంత్రం దాకా అక్కడే. వీధి నడవాలంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. కూరలబండి అతను నా తూకంలో రెండు కాయలు ఎక్కువ వేసి, ఈ మధ్య మీ తల దువ్వుకోవడం మారింది పెద్దమ్మా అన్నాడు. కాపలా మనిషి నన్ను చూసి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన పేపరు దించకుండా అన్నాడు:

"నలభై ఏళ్ళ క్రితం చూసి ఉంటే నేను లేచి అడిగేవాణ్ణి. ఇప్పుడు అతని ఓపికేదో అతనిది."

ఇదివరకటి నేనైతే మధ్యాహ్నానికల్లా ఆ మాటను మూలంతో సహా పీకి ఉండేదాన్ని. కానీ కాదంటే, మరి ఎందుకు చూస్తున్నాడని అడుగుతారు. దానికి జవాబు కళ్ళ డాక్టరు. ఆ జవాబు బండి దగ్గరికి చేరితే సాయంత్రానికి మేనేజరు దగ్గరికి చేరుతుంది. మా వీధిలో మాట ఎంత వేగంగా వెళ్తుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు. అందుకని దాదాపు నలభై రోజులూ నా గురించి తిరిగిన మాటను అలాగే తిరగనిచ్చాను. తమాషా ఏమిటంటే, కుట్టుపనమ్మాయి కిటికీ తెరుచుకుంది. మా ఆయన గుండీలు నల్లదారంతో మార్చి ఇచ్చింది. నాతో ఇంకొంచెం గౌరవంగా మాట్లాడసాగింది.

అతను చూసేది నన్ను కాదని నాకు తెలుసు. నా వెనక గోడ పాతది. సున్నం పెచ్చులూడి, బీటలు పారి, అక్కడక్కడ పాచి పట్టి ఉంటుంది. ఆకులు దొరక్క ఆ పాచిని చూసుకుంటున్నాడు అనుకున్నాను. మా ఆయన ఆ నెలలో గోడకు రంగు వేయిద్దామని మనిషిని పిలిపించాడు. ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేశాను. ఎందుకని అడిగితే, ఆ రంగు నాకు నచ్చలేదన్నాను. ఇంకా ఏ రంగో చెప్పలేదుగా అన్నాడు. ఏ రంగూ నచ్చలేదన్నాను.

తరవాత, నేను అడ్డుగా ఉన్నానేమో, మంచి పాచి అంతా నా వీపు వెనకే ఉందేమో అనిపించింది. ఒకరోజు రెండో తాను వేళకు మెట్ల కుడి చివరికి జరిగి కూర్చున్నాను. అతని చూపు కుడికి జరిగింది. మూడో తానుకు ఎడమ చివరికి జరిగాను. ఎడమకు వచ్చింది. నాలుగో తానుకు లేచి లోపలికి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. గోడంతా ఖాళీగా అతని ముందు ఉంది, పాచితో బీటలతో సహా. అతను దాన్ని కాసేపు చూశాడు. చేతిగడియారం చూసుకున్నాడు. మళ్ళీ తలుపు వైపు చూశాడు. బస్సు ఆలస్యమైనవాడిలా ఉన్నాడు. నేను బయటికి వచ్చి కూర్చున్నాను. అతని భుజాలు దిగాయి.

ఆ మర్నాటి నుంచి నేను కదల్లేదు. అరవై ఒకటో రోజున నాకు జలుబు చేసింది. దుప్పటి కప్పుకుని మెట్ల మీదే కూర్చున్నాను. డెబ్భయ్యో రోజున మా అక్క రమ్మని కబురు పంపితే, పని ఉందన్నాను. ఏం పనని అడిగింది. కూర్చునే పని అన్నాను. ఎనభై మూడో రోజున అంగుళం అంగుళం జంటపోగులతో ఒక తాను మళ్ళీ బల్ల మీదికి వచ్చిందట. అదే మగ్గం. మొదటి మూరలోనే మిషను ఆపి, అంచుకు కట్టడానికి దారాలు చాలక, తానునే చుట్టి మగ్గం దగ్గరికి పంపించాడట. ఇది నాకు కేరేజీ ఇచ్చి వచ్చిన అతని భార్య చెప్పింది. ఈసారి గదిలో ఏమీ మెచ్చుకోకుండా వచ్చేసిందట.

తొంభయ్యో రోజు దాటింది. ఒక్క తాను వెనక్కి రాలేదు. మేనేజరు వచ్చి గోడ మీది కాగితం గీకి తీసేశాడు. మూటల షెడ్డుకు ఇంకో మనిషిని వెతుక్కుంటున్నారని కాపలా మనిషి చెప్పాడు. ఆ రాత్రి ఆవిడ అతనికి చీటీ సంగతి చెప్పింది. నేను వెంట వెళ్ళిన సంగతి కూడా.

మర్నాడు ఉదయం మొదటి తానుకు ముందు అతను మామూలుగా గేటు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. నేను మూడో మెట్టు చూసుకుని దిగి, వీధి దాటి, అతని ముందుకు వెళ్ళాను. ఈ మూడు నెలల్లో మొదటిసారి.

"చీటీ సంగతి నాకు తెలుసని నీకు తెలుసు. ఇంక దాపరికం లేదు. గోడ చూస్తావనుకుంటే గోడ కాదు, తలుపూ కాదు. ఏం చూస్తున్నావయ్యా నువ్వు? తెలిస్తే దానికి తగ్గట్టు కూర్చుంటాను."

అతను నా వైపు, ఆ చూసే పద్ధతిలోనే, కాసేపు చూశాడు.

"మీ మొహమే పిన్నిగారూ. ఆ తీగ కన్నా నయం. అన్ని గీతలున్నాయి, ఒక గీత ఇంకో గీతలా లేదు, పైగా క్షణం కుదురుగా ఉండదు. రేపట్నుంచి ఇంకాస్త ఎండలోకి జరిగి కూర్చుంటారా?"